సుసాన్ కేర్ మీద ట్రిబ్యూట్ ప్రాజెక్ట్: యూఐ ఇంటర్న్‌షిప్‌కి పనికొస్తుందా?

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెమిస్టర్ ప్రాజెక్టుగా యాపిల్ వాళ్ల మెకింటాష్ కంప్యూటర్‌కి ఐకాన్లు (తెర మీది చిన్న గుర్తు బొమ్మలు) గీసిన సుసాన్ కేర్ గురించి పోస్టర్, బుక్‌లెట్, చిన్న యానిమేషన్, ఇన్‌స్టా పోస్టులు చేద్దామనుకుంటున్నాను. దీన్ని చూపించి యూఐ (యాప్‌ల స్క్రీన్లు డిజైన్ చేసే పని) ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేయాలని ఉంది. నాన్నగారేమో "ఎవరో అమెరికా ఆవిడ బొమ్మ గీస్తే ఉద్యోగం ఎవరిస్తారు" అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: పనికొస్తుందమ్మా, కానీ ఆవిడ బొమ్మ గీస్తే మాత్రం కాదు. పోస్టర్ మీద ఆవిడ ముఖం, బుక్‌లెట్ అట్ట మీద అదే ముఖం, వీడియోలో అదే ముఖం కాస్త కదులుతూ... ఇలాంటివి చూసీ చూసీ ఇంటర్వ్యూ చేసేవాళ్లకి విసుగు పుట్టింది. ఒకే బొమ్మని నాలుగు సైజుల్లో ఎక్స్‌పోర్ట్ చేస్తే మల్టీ ఫార్మాట్ అయిపోదు. అన్నట్టు, నాన్నగారు ఎప్పుడైనా పాత విండోస్‌లో సాలిటైర్ ఆడారేమో అడుగు, 1990లో విండోస్ 3.0తో వచ్చిన ఆ పేకముక్కలు డిజైన్ చేసింది ఈ అమెరికా ఆవిడే.

ముందు ఆవిడ పనిలో ఒక్క విషయం పట్టుకో. నన్నడిగితే గళ్ల కాగితం. కేర్‌ది కంప్యూటర్ చదువు కాదు, కళల్లో పీహెచ్‌డీ. మెకింటాష్‌కి ప్రోగ్రాములు రాస్తున్న హైస్కూల్ నాటి స్నేహితుడు ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ పిలిస్తే యాపిల్‌కి పని చేయడానికి వచ్చింది, గళ్ల పుస్తకం కొనుక్కుని అడ్డం 32, నిలువు 32 గళ్లలో ఐకాన్లు గీయడం మొదలుపెట్టింది. మొత్తం 1024 గళ్లు, గడి నింపితే నలుపు, వదిలేస్తే తెలుపు, మధ్యలో బూడిద రంగు అనే మాటే లేదు. 1984లో మెకింటాష్‌తో జనం చూసిన నవ్వే కంప్యూటరూ, చెత్తబుట్టా, బాంబూ అన్నీ అలా పుట్టినవే. ఆ స్కెచ్‌లు ఇప్పుడు న్యూయార్క్‌లో మోమా అనే ఆధునిక కళల మ్యూజియం దగ్గర ఉన్నాయి.

ఆ గడినే నాలుగు ఫార్మాట్లలోకీ తీసుకెళ్లు, అయితే ఒక్కోదానికి ఒక్కో పని అప్పజెప్పు. పోస్టర్ దూరం నుంచి బొమ్మలా కనిపించి దగ్గరికొస్తే గళ్లుగా విడిపోవాలి. యానిమేషన్ 15 సెకన్లు చాలు: ఒక్కో గడీ నిండుతూ పోతుంటే, ఎన్నో గడి దగ్గర చూసేవాడికి "ఓహో, ఇది చెత్తబుట్ట" అని తడుతుందో అదే నీ వీడియో. కథ చెప్పడానికి బుక్‌లెట్ ఉంది. మెనూల నిండా కీబోర్డ్ షార్ట్‌కట్ల పక్కన యాపిల్ లోగోలు మరీ ఎక్కువైపోయాయని స్టీవ్ జాబ్స్ అభ్యంతరం చెప్తే, కేర్ గుర్తుల నిఘంటువు తిరగేసి, స్వీడన్‌లో చూడదగ్గ ప్రదేశాలకి వాడే గుర్తుని ఆ షార్ట్‌కట్లకి నొక్కే కమాండ్ కీ మీదికి తెచ్చింది, దానికి రెండు పేజీలైనా ఇవ్వొచ్చు. ఇన్‌స్టా పోస్టులు ఆఖర్న వీటి నుంచే తీసుకో, విడిగా కష్టపడకు.

ఇంకో పని చేస్తే ప్రాజెక్ట్ నీదవుతుంది. అదే 32 గళ్లలో తెలుగు అక్షరాలు గీయి. ప, ఫ పక్కపక్కన పెట్టు. తేడా అంతా కింద ఉండే ఆ చిన్న గీతలోనే కదా, దానికి ఒక్క గడి ఇస్తే కనపడదు, మూడిస్తే అక్షరం మీద పడి అలుక్కుపోతుంది. ఒత్తులు పెట్టే సరికి కింద చోటే మిగలదు. నువ్వు ఏది వదులుకున్నావో, ఎందుకు వదులుకున్నావో ఆ కొట్టివేతలతో సహా స్కాన్ చేసి పెట్టు, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి నీకు దొరికే అసలు సరుకు అదే.

యాపిల్ ఐకాన్లని మాత్రం నెట్ నుంచి దింపి అతికించకు. వాటికి హక్కుదారులున్నారు, పైగా అందులో నీ పనేముంది? ఆవిడ పద్ధతిలో నీ ఐకాన్లు నువ్వే గీయి, ప్రేరణ ఎవరిదో కింద రాయి.

ఒక్క మాట, ఇది ప్రధానంగా గ్రాఫిక్ డిజైన్ పని. యూఐ ఇంటర్న్‌షిప్‌కి ఇదొక్కటే పట్టుకుని వెళ్తే "మరి స్క్రీన్లేవి?" అని కచ్చితంగా అడుగుతారు. అందుకని ఈ ఐకాన్లే వాడి ఒక చిన్న యాప్, బస్ పాస్ రెన్యువల్ లాంటిది, నాలుగైదు స్క్రీన్లు ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసి, మీ అమ్మమ్మ వయసు వాళ్లకి ఇచ్చి ఎక్కడ తడబడ్డారో రాసుకుని, దాన్ని కేర్ ప్రాజెక్ట్ వెనకే పెట్టు. పంపేటప్పుడు వీడియోని పీడీఎఫ్‌లో ఇరికించకుండా లింక్ ఇవ్వు, ఆ లింక్ వేరే ఫోన్‌లో తెరుచుకుంటోందో లేదో ముందే చూసుకో.