జవాబు: లేవీయకాండం దగ్గర ఆగిపోతున్న బ్రదర్‌కు

వందనాలు బ్రదర్. మిర్యాలగూడలో రైస్ మిల్లు డ్యూటీ, ప్రతి జనవరిలో బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం మొదలుపెట్టడం, మూడోదైన లేవీయకాండానికి వచ్చేసరికి ఆగిపోవడం, ఇక ఆదివారం ప్రసంగంతోనే వారమంతా నెట్టుకురావడం అని రాశారు. నాలుగేళ్లు నాదీ ఇదే కథ.

ముందు ఆ వరస వదిలేయండి. 66 పుస్తకాలున్నాయి, మొదటి పేజీ నుంచే చదవాలన్న రూలేం లేదు. యేసు జీవితం చెప్పే మార్కు సువార్త పట్టుకోండి, 16 అధ్యాయాలే. పడుకునే ముందు కీర్తనల పుస్తకం నుంచి ఒక కీర్తన. 119వ కీర్తన మాత్రం ఒక్క రాత్రికి పెట్టుకోకండి, 176 వచనాలు!

భాష బరువుగా ఉందన్నారు. పైకి చదివి చూడండి. మా అమ్మకు చదువు రాదు. పొద్దున ఆమె పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతుంటే పక్కన పీట వేసుకుని చదివేవాణ్ణి. తుఫానులో యేసు పడవలో నిద్రపోయిన కథ దగ్గర చెయ్యి ఆపి, "అంత గాలిల తలగడేసుకొని పండుకున్నడా?" అంది. తలగడ సంగతి నేను పదిసార్లు చదివీ గమనించలేదు.

అరణ్యంలో యేసు తనను శోధించిన సాతానుకిచ్చిన మూడు జవాబులూ బైబిల్ ఐదో పుస్తకం ద్వితీయోపదేశకాండం నుంచి తీసినవే. అక్కడ చేతిలో పుస్తకం లేదు, లోపల ఉన్నదే నోటికొచ్చింది. అందుకే రోజుకు ఒక్క వచనమైనా కంఠతా పట్టండి. మిల్లు చప్పుడులో కూడా కుదురుతుంది.

లేవీయకాండానికి తర్వాత వద్దురు. పొరుగువాణ్ణి ప్రేమించమన్న మాట అందులోదే, 19వ అధ్యాయం 18వ వచనం.