లైన్ మారినా సెషన్ తెగకూడదంటే?

ప్రశ్న: ఇంటి నుంచే పనిచేస్తాను. ల్యాప్‌టాప్‌కి ఫైబర్ వైఫై ఉంది, తోడుగా ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి ఉంచుతాను. కరెంటు పోగానే నెట్ ఫోన్ మీదికి మారుతుంది కానీ, సర్వర్‌తో నడుస్తున్న ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని సర్వర్‌లో కమాండ్లు నడిపే పద్ధతి) సెషన్ బిగుసుకుపోయి కాసేపటికి తెగిపోతోంది. కనెక్షన్ బతికే ఉందా అని పలకరించే కీప్‌అలైవ్ 30 సెకన్లు పెట్టినా అంతే. రెండు అడ్రస్‌లు ఉండి కూడా ఎందుకిలా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: డేటాబేస్‌లో పెద్ద టేబుల్‌కి ఇండెక్స్ కడుతుండగా సెషన్ పోతే ఎంత టెన్షనో నాకు తెలుసండీ. పని నడుస్తోందో ఆగిందో కూడా అర్థం కాదు. లోపం మీ లైన్లలో లేదు, ఎస్‌ఎస్‌హెచ్ కింద డేటాని మోసే టీసీపీ పద్ధతే అంత. మీ ఐపీ అడ్రస్, మీ పోర్టు, సర్వర్ అడ్రస్, సర్వర్ పోర్టు: ఈ నాలుగూ కలిస్తేనే ఒక కనెక్షన్. ఫోన్ లైన్‌లో వెళ్లే ప్యాకెట్‌కి అడ్రస్ వేరు కాబట్టి, అది పాత కనెక్షన్‌దేనని సర్వర్ గుర్తించలేదు.

కీప్‌అలైవ్ వేరే జబ్బుకి మందు. మీరు చాలాసేపు ఏమీ టైప్ చేయకపోయినా, మధ్యలో ఉన్న రౌటర్ మీ కనెక్షన్‌ని మరిచిపోకుండా చూడటం దాని పని. దారి మారినప్పుడు అదే ఎదురుతిరుగుతుంది. 30 సెకన్లకోసారి పలకరించి, వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (మీరు వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం) తానే సెషన్ మూసేస్తుంది. మీరన్న ఆ ‘కాసేపు’ సుమారు ఒకటిన్నర నిమిషం అయ్యుండాలి.

రెండు అడ్రస్‌లనూ ఒకే కనెక్షన్‌కి వాడుకోవడానికి మల్టీపాత్ టీసీపీ ఉంది. యాపిల్ 2013లోనే సిరి కోసం వాడింది, 2020లో లినక్స్ 5.6 కెర్నెల్‌లో చేరింది. కానీ రెండు వైపులా ఉంటేనే పనిచేస్తుంది.

ఈ రోజే చేయగలిగింది, సర్వర్‌లో టీమక్స్ అనే ప్రోగ్రాం వాడటం. దాంట్లో మొదలుపెట్టిన పని సర్వర్‌లోనే నడుస్తూ ఉంటుంది, మీ సెషన్ తెగినా దానికేమీ కాదు. మళ్లీ లాగిన్ అయి అందుకోవడమే. టైపింగ్ కూడా ఆగకూడదంటే, ఎస్‌ఎస్‌హెచ్ సెషన్‌కి బదులు వాడే మోష్ ప్రోగ్రాం పెట్టుకోండి. లాగిన్ ఎస్‌ఎస్‌హెచ్‌తోనే జరుగుతుంది, ఆ తర్వాత టీసీపీకి బదులు యూడీపీ అనే పద్ధతిలో నడుస్తుంది. సరైన రహస్య కీతో వచ్చిన కొత్త ప్యాకెట్ ఏ అడ్రస్ నుంచి వస్తే సర్వర్ ఇక అక్కడికే జవాబిస్తుంది. దీనికి సర్వర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 60000 నుంచి 61000 వరకు పోర్టులు తెరిచి ఉండాలి. ఫైళ్లు కాపీ చేయడం మాత్రం దీంతో కుదరదు.

ఫైళ్లు కూడా పంపేవారైతే నా ఓటు వైర్‌గార్డ్‌కి. అది మీ ల్యాప్‌టాప్‌కీ సర్వర్‌కీ మధ్య రహస్య టన్నెల్ వేసే వీపీఎన్. అది మిమ్మల్ని అడ్రస్‌తో కాదు, కీతో గుర్తుపడుతుంది. బయటి లైన్ ఏదైనా టన్నెల్ లోపలి అడ్రస్ మారదు కాబట్టి, లోపల నడిచే ఎస్‌ఎస్‌హెచ్‌కి మార్పే తెలియదు. లైన్ మారేటప్పటి ఖాళీకి తట్టుకునేలా, మీ కీప్‌అలైవ్‌లో ఆ మూడుసార్లను పదికి పెంచండి. ఆఫీసు సర్వర్ అయితే అడ్మిన్‌ని అడిగాకే పెట్టండి.

వీలైతే రౌటర్‌కీ ఫైబర్ పెట్టెకీ ఒక చిన్న యూపీఎస్ కొనండి. వీధిలో ఆపరేటర్ పరికరాలకి కరెంటు ఉన్నంతసేపూ మీరు ఫోన్ లైన్‌కి మారాల్సిన పనే ఉండదు.