రుమటాలజీలో తొలి గ్రాంటు నిజంగా ఏం మారుస్తుంది?

శిక్షణ కోసం ఇచ్చే జె-1 వీసా మీద అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ ముగించి రుమటాలజీ (కీళ్ల జబ్బులు, రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పడంతో వచ్చే జబ్బుల విభాగం) ఫెలోషిప్‌లో చేరబోతున్న మీరు, మొదట్లో వచ్చే రీసెర్చ్ గ్రాంట్లు వృత్తిని నిజంగా మలుపు తిప్పుతాయా, లేక సీవీలో ఒక వరుసగా మిగిలిపోతాయా అని అడిగారు. హైదరాబాదులో ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ రుమటాలజిస్టుగా స్థిరపడి, లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు) వల్ల దెబ్బతినే కిడ్నీల మీద పరిశోధన చేస్తున్న నా అనుభవంతో చెబుతున్నాను: తప్పకుండా తిప్పుతాయి. గ్రాంటులో వచ్చే డబ్బు కన్నా, దాని పేరు మీద మీకు దక్కే సమయమే ఆ పని ఎక్కువగా చేస్తుంది.

మన విభాగంలో సమయానికి ఇంత విలువ ఎందుకంటే, రుమటాలజీలో ప్రొసీజర్లు తక్కువ. రోగి చెప్పేది ఓపికగా వినడం, ఒక్కో కీలును నొక్కి చూడటం, ఏళ్ల తరబడి మందుల మోతాదు సరిచూసుకుంటూ పోవడం మన పని. ఆసుపత్రి లెక్కల్లో దీనికి వచ్చే ఆదాయం స్వల్పం కాబట్టి, కార్డియాలజీ వంటి విభాగాల మాదిరిగా సొంత రాబడితో ఒక యువ వైద్యుణ్ణి పరిశోధనకు వదిలిపెట్టే స్తోమత మన విభాగాలకు సాధారణంగా ఉండదు. మరోవైపు అపాయింట్‌మెంటు కోసం నెలల తరబడి వేచి ఉండే రోగులుంటారు. కొత్తగా చేరిన డాక్టరును క్లినిక్ తనవైపు లాక్కోవడం సహజమే, అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. దాన్ని నిలువరించగలిగేది గ్రాంటు షరతు ఒక్కటే. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే కె23, కె08 అవార్డులు తీసుకున్నవారి పనివేళల్లో కనీసం 75 శాతం పరిశోధనకూ శిక్షణకూ కేటాయించాలి. రోగులతో నేరుగా చేసే అధ్యయనాలకు కె23, ప్రయోగశాల పనికి కె08. రెండూ గరిష్ఠంగా ఐదేళ్లపాటు ఉంటాయి. మన రంగానికి ఇవి ఎక్కువగా ఎన్‌ఐహెచ్‌లో కీళ్లు, కండరాలు, చర్మ జబ్బులను చూసే, 1986లో ఏర్పడిన నియామ్స్ అనే సంస్థ ద్వారా వస్తాయి. లూపస్ ఒకసారి చెలరేగి, తగ్గి, మళ్లీ తిరగబెడుతుంది. స్క్లెరోడెర్మాలో చర్మం, ఊపిరితిత్తులు మెల్లమెల్లగా బిగుసుకుంటాయి. ఇలాంటి జబ్బుల గురించి ఒక్క ఏడాది అధ్యయనంతో తేల్చగలిగేది చాలా తక్కువ.

నాకు మొదట వచ్చింది కె23 కాదు, ఒక ఫౌండేషన్ ఇచ్చిన చిన్న గ్రాంటు. అందులో ఎక్కువ భాగం పార్ట్‌టైం కోఆర్డినేటరు జీతానికీ, మిగిలినది ట్యూబులకూ పరీక్షలకూ పోయింది. ఆ కోఆర్డినేటరు లేకపోతే ఏమయ్యేదో చెప్తే ఆ డబ్బు విలువ మీకు అర్థమవుతుంది. లూపస్ క్లినిక్ జరిగే రోజు ఒక గదిలో చేతివేళ్లు వాచిన అమ్మాయికి స్టెరాయిడ్ ఎందుకు పెంచాల్సి వస్తోందో చెబుతూ ఉంటాం. అదే సమయంలో పక్క గదిలోని రోగికి అధ్యయనం గురించి వివరించి, సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. ఆ రోగి ఇచ్చిన మూత్రాన్ని ఆలస్యం చేయకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, చిన్న ట్యూబుల్లోకి పంచి, లేబుళ్లు అంటించి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరుకు చేర్చాలి. ఆలస్యమైతే అందులోని ప్రొటీన్లు విరిగిపోవచ్చు, నమూనా పనికిరాకుండా పోవచ్చు. ఈ రెండు పనులనూ ఒకే మనిషి ఒకే పూటలో చక్కగా చేయలేరు. కిడ్నీ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి నేటికీ బయాప్సీ సూదే ఆధారం. మూత్రంలోని ప్రొటీన్లు ఆ సంగతిని ముందే పసిగట్టి చెప్పగలిగితే కొందరికైనా ఆ సూది తప్పుతుందన్నది నా ఆశ, ఇప్పటికీ నన్ను నడిపిస్తున్నది అదే. ఆ ఫ్రీజరులో పోగైన నమూనాలే తరువాత నా కె23 దరఖాస్తుకు ప్రాథమిక ఫలితాలయ్యాయి. అవి గొప్ప ఆవిష్కరణలేమీ కావు. అయితే కె అవార్డుల సమీక్షకులు పరిశోధన ప్రణాళికతో పాటు అభ్యర్థి, శిక్షణ ప్రణాళిక, మెంటార్లు, సంస్థలోని వసతులు అన్నిటికీ విడివిడిగా 1 నుంచి 9 వరకు స్కోర్లు వేస్తారు, 1 అంటే అత్యుత్తమం. ఈ మనిషి రోగులను చేర్చుకోగలరు, వాళ్లను మళ్లీ మళ్లీ రప్పించుకోగలరు, మొదలుపెట్టిన పనిని ఒక ఒడ్డుకు చేర్చగలరు అని వాళ్లకు ఆ చిన్న గ్రాంటు చూపించింది.

తొలి గ్రాంటు చేసే ఇంకో పని మీద చాలామంది దృష్టి పెట్టరు. అది మిమ్మల్ని ఒక ప్రశ్నకు కట్టేస్తుంది. తరువాత మీ దగ్గరకు వచ్చే రోగులు, మీతో కలిసి పనిచేసేవారు, మీకు సమీక్షకు వచ్చే వ్యాసాలు అన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. అందుకని మెంటార్ దగ్గర సిద్ధంగా ఉన్న డేటా ఏదో ఒకటి తీసుకుని దరఖాస్తు పెట్టేయకుండా, పదేళ్లు మోయగలిగిన ప్రశ్నను ఎంచుకోమని గట్టిగా చెబుతాను. మన రంగంలో పెద్ద విజయాలు అలా మోసినవే. లండన్ కెన్నెడీ ఇన్‌స్టిట్యూట్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ 1980లలో కీళ్ల పొరలోని కణాలను పరిశీలిస్తూ వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే అణువు మీద దృష్టి నిలిపారు. దాన్ని అడ్డుకునే యాంటీబాడీని 1992లో చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ రోగులకు తొలిసారి ఇచ్చారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఆ యాంటీబాడీ అమెరికాలో ఆ జబ్బుకు అనుమతి పొందింది 1999లో. అంతకాలం ఒకే ప్రశ్న మీద నిలబడాలంటే వెనుక నిలకడైన సహాయం ఉండి తీరాలి.

ఇక మీ వీసా సంగతి. మన తెలుగు డాక్టర్లలో చాలామంది పరిశోధనకు దూరమయ్యేది ఇక్కడే, అది నన్ను నిజంగా బాధిస్తుంది. కె23, కె08 అవార్డులు అందుకునే నాటికి అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. జె-1 వారు రెండేళ్లు స్వదేశానికి వెళ్లి ఉండాలి, లేదా వేవర్ (ఆ నిబంధన నుంచి మినహాయింపు) తెచ్చుకోవాలి. ఒక్కో రాష్ట్రం ఏటా 30 మందికి సిఫారసు చేయగల కాన్రాడ్ వేవర్‌లో చేరితే, ఎక్కువగా వైద్యులు కొరతగా ఉన్న ప్రాంతాల్లో మూడేళ్లు పూర్తికాలం పనిచేయాలి. అది గౌరవప్రదమైన సేవే, కానీ పరిశోధనకు అత్యంత అనువైన సంవత్సరాలు క్లినిక్‌లోనే గడిచిపోతాయి. అందుకని పౌరసత్వ నిబంధన లేని దారులను ఫెలోషిప్ మొదటి ఏడాదిలోనే వెతకండి. శిక్షణ నుంచి సొంత పరిశోధనకు మారేవారికి ఎన్‌ఐహెచ్ ఇచ్చే కె99/ఆర్00 అవార్డుకు వీసా మీద ఉన్నవారూ అర్హులే. సొంత పరిశోధనకు ఎన్‌ఐహెచ్ ఇచ్చే ప్రధాన గ్రాంటు ఆర్01కు కూడా పరిశోధకుడి పౌరసత్వం అడ్డుకాదు, దరఖాస్తు చేసేది సంస్థ కాబట్టి. ఫౌండేషన్లకు వేటి నిబంధనలు వాటికుంటాయి, ఒక్కొక్కటీ చదివి చూసుకోవాలి.

రెండేళ్ల నిబంధన పూర్తిచేయడానికి ఇంటికి వెళ్లే ఆలోచనను కూడా వెంటనే తోసిపుచ్చకండి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, వెల్‌కమ్ సంస్థ కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. పరిశోధన చేసే వైద్యుల కోసం ప్రత్యేకంగా ఫెలోషిప్‌లు ఇస్తుంది. నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. మనవాళ్లలో లూపస్ ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి అక్కడి రోగులకు మించిన ఆధారం ఇక్కడ దొరకదు.

అసలు కష్టం కె అవార్డు ముగిసే దశలో వస్తుంది. చివరి రెండేళ్లలో, ఫలితాలు ఇంకా పూర్తిగా చేతికి రాకముందే, ఆర్01 రాయాలి. చివరి డిగ్రీ లేదా క్లినికల్ శిక్షణ ముగిసిన పదేళ్లలోపు వారికి సమీక్షలో కొంత వెసులుబాటు ఉన్నా పోటీ తీవ్రంగానే ఉంటుంది. పిల్లలు చిన్నవాళ్లుగా ఉండే వయసూ సరిగ్గా అదే కావడంతో, ముఖ్యంగా మహిళలు ఆ రెండేళ్లలో ప్రైవేటు ప్రాక్టీసుకో ఫార్మా కంపెనీకో వెళ్లిపోవడం చూశాను. వాళ్ల శిక్షణ వృథా పోలేదు, మంచి క్లినికల్ ట్రయల్స్ నడుపుతున్నవారు ఉన్నారు. అయితే ఆ మధ్యకాలానికి ఏడాదిపాటు జీతం ఇచ్చే చిన్న సహాయం దొరికి ఉంటే వాళ్లలో కొందరు తమ ప్రశ్నను వదులుకునేవారు కారని నా నమ్మకం.

కాబట్టి ఫెలోషిప్ తరువాత ఫ్యాకల్టీ ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడు, వారానికి ఎన్ని పూటలు క్లినిక్, ఎన్ని పరిశోధనకు అన్నది ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. గ్రాంటు ముగిసి తదుపరిది వచ్చేలోపు జీతంలో ఎంత భాగం విభాగం భరిస్తుందో కూడా అందులోనే ఉండాలి. మెంటార్‌గా ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకునే ముందు, వారి దగ్గర పనిచేసిన పాత ఫెలోలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో, వాళ్లలో ఎందరికి సొంత గ్రాంట్లు వచ్చాయో వాళ్లకే ఫోన్ చేసి అడగండి.