జాఫ్నాలో "ఓం" అంటే

"అంతర్యుద్ధం జరిగే చోట ముందు వరుసలో ఉండే సైనికుడి జీవితం ఎలా ఉంటుంది?" అన్నది ప్రశ్న. 1987 నవంబరు నుంచి పద్నాలుగు నెలలు శ్రీలంకలో భారత శాంతి పరిరక్షక దళంలో రేడియో ఆపరేటరుగా పనిచేశాను కనుక జవాబు చెప్పే అర్హత నాకు ఉందనుకుంటున్నాను. అక్కడ ముందు వరుస అనేదే లేదు. కార్గిల్‌లోలాగా ఇటు మనం, అటు శత్రువు అని గీత గీసి చూపించడం కుదరదు. కాళ్ళ కింది తారురోడ్డు మాత్రం మాది, దానికి రెండు పక్కలా ఉన్న తాటాకు దడుల అవతలి భాగం ఎవరిదో ఏ పూటకు ఆ పూట తేలవలసిందే.

ఆ ఏడాది జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందం మీద సంతకాలు చేయగానే సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్‌ను జాఫ్నాకు పంపారు. మొదట వెళ్ళినవారికి జనం పూలదండలు వేశారు. అక్టోబరులో, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్టీటీఈతో పోరు మొదలైంది. నేను పలాలి విమానాశ్రయంలో దిగేనాటికి పట్టణం మన చేతికి వచ్చింది కానీ, దండల ఊసు ఎత్తేవారు ఎవరూ మిగలలేదు.

తెల్లవారకముందే రోడ్డు తెరవడానికి బయలుదేరేవాళ్ళం. అంటే, వాహనాలు రాకముందే నడిచి వెళ్ళి, ఎర్రమట్టిలో కొత్తగా తవ్విన జాడ కానీ, తీగ కానీ ఉందేమో చూడడం. అవతలివారు గురి పెట్టేది మొదట అధికారికి, తరువాత రేడియో మోసేవాడికి. అందుకని నేను ఏరియల్‌ను వంచి భుజానికి కట్టుకునేవాణ్ణి. మా ఎస్సెల్లార్ రైఫిల్ ఒక్కొక్క తూటా పేల్చేలోగా వారి ఏకే-47 వరుసగా కురిపించేది.

మా దళంలో అందరూ ఉత్తరాదివారే. నగరి దగ్గరి పల్లెలో పుట్టడం వల్ల నాకు తమిళం వచ్చు. ఎవరూ నియమించకుండానే దుబాసీని అయ్యాను. ఒక ఉదయం చున్నాకం దగ్గర ఒక ఇంటి ముందు ఆగాం. వాకిట్లో ఒక ముసలాయన ఉన్నాడు. "రాత్రి ఎవరైనా వచ్చారేమో అడుగు" అన్నారు సుబేదార్ సాహెబ్. అడిగాను. "ఓం" అన్నాడు ముసలాయన. జపం చేసుకుంటున్నాడనుకుని సాహెబ్ ఒక్క క్షణం గౌరవంగా ఆగారు. జాఫ్నా తమిళంలో "ఓం" అంటే "అవును" అని నేను వివరించగానే ఆయన ముఖం మారిపోయింది, ఇద్దరు జవాన్లు ముసలాయన రెక్కలు పట్టుకున్నారు. "ఎవరు వచ్చారు?" అని మళ్ళీ అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీంగళ్ దాన్, తంబీ" అన్నాడు. వచ్చింది మీరే, తమ్ముడూ అని. విచారిస్తే నిజమే, ముందురోజు రాత్రి మా పక్క కంపెనీ వాళ్ళు ఆ ఇల్లు సోదా చేసి వెళ్ళారు. సాహెబ్ నవ్వారు. ముసలాయన నవ్వలేదు, కింద పడిన తువ్వాలు తీసి దులుపుకున్నాడు.

మొదటి మాటకూ రెండో మాటకూ నడుమ ఆయన ప్రాణం నా నాలుక మీద ఉంది. ఆ యుద్ధంలో మన సైనికులు 1,100 మందికి పైగా చనిపోయారు. పటాలానికి పదిమంది చొప్పున మంచి దుబాసీలను ఇచ్చి ఉంటే అందులో సగం మంది బతికేవారని నా గట్టి నమ్మకం. లెక్కలు అడిగితే చూపలేను. రైఫిల్ విప్పి బిగించడం నెలల తరబడి నేర్పిన సైన్యం నాలుగు తమిళ మాటలు నేర్పడానికి నాలుగు రోజులు కేటాయించలేకపోయింది. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసుకు తిరిగి వచ్చినప్పుడు ముఖ్యమంత్రి స్వాగతానికి వెళ్ళకపోవడం గురించి ఇప్పటికీ చర్చిస్తారు కానీ, ఈ సంగతి గురించి ఎవరూ మాట్లాడరు. మా ఊళ్ళో పిల్లలైతే ఎంతమందిని చంపావనే అడుగుతారు. నేను మోసింది రేడియో అంటే వారికి చప్పగా ఉంటుంది.

తరువాత రెండు నెలలకు ఆ సందు మొదట్లోనే మందుపాతర పేలి మా డ్రైవరు చనిపోయాడు. "ఆ ముసలాయనకు తెలిసి ఉంటుందా?" అని సాహెబ్ అడిగారు. "అడిగితేనే కదా తెలిసేది" అన్నాను. వెళ్ళి చూస్తే తలుపుకు తాళం వేసి ఉంది. బావి దగ్గర చేద లేదు, తాడు కూడా లేదు. ఇల్లు ఖాళీ అని రేడియోలో హిందీలో చెప్పాను.