పడమటి అద్దాల గోడ

ప్రశ్న: బెంజ్ సర్కిల్ దగ్గర మేం ఫ్లాట్ బుక్ చేసుకున్న కొత్త అపార్ట్‌మెంటుకు పడమర వైపంతా అద్దాలే. అందమని కొందరు, పొయ్యి అని కొందరు అంటున్నారండీ. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పొయ్యి అన్నవాళ్ల మాటే నిజానికి దగ్గరమ్మా. నడినెత్తి ఎండను 2 అడుగుల సజ్జా ఆపుతుంది గానీ, సాయంత్రం 4 దాటాక ఎండ ఏటవాలుగా దాని కింద నుంచే గదిలోకి వస్తుంది. అప్పుడు పనికొచ్చేవి బయట నిలువు పలకలు, జాలీ (చిల్లుల అడ్డుగోడ). కర్టెన్ అడ్డుపడేది వేడి లోపలికొచ్చాకే. ఎండ వేడిలో ఎంత లోపలికి వస్తుందో చెప్పే ఎస్‌హెచ్‌జీసీ విలువ బిల్డర్‌ని రాతపూర్వకంగా అడగండి. 0.25 దగ్గరుంటే మేలు. మామూలు తెల్ల అద్దానిది 0.8 దాకా ఉంటుంది. తెరుచుకునే కిటికీలెన్నో లెక్కపెట్టండి, కరెంటు పోతే బిగించిన అద్దం గాలివ్వదు. సజ్జా అడుగున అంచు వెంట సన్నటి గాడి ఉందేమో వేలితో తడమండి. లేకపోతే వాన నీళ్లు గోడకు పాకి నల్లచారలు కడతాయి.