బేకన్‌కి (ఉప్పు పట్టించి నిల్వ చేసే పంది మాంసం) వాడే పింక్ సాల్ట్, వంటింట్లో ఉండే హిమాలయన్ పింక్ సాల్ట్ ఒకటేనా?

కాదు. రంగు కలిసింది, అంతే. హిమాలయన్‌ది ఉత్త రాతి ఉప్పు. బేకన్‌కి వాడేది క్యూరింగ్ సాల్ట్ నంబర్ 1, అంటే మాంసం నిల్వకు వాడే ఉప్పు. అందులో 93.75 శాతం ఉప్పు, 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉంటాయి. పొరపాటున కూరలో వేసేస్తారని దానికి కావాలనే గులాబీ రంగు వేస్తారు.

బాట్యులిజం (ప్రాణం తీయగల ఆహార విషబాధ) తెచ్చే బ్యాక్టీరియా పెరగకుండా అడ్డుకునేది ఈ నైట్రైటే. ఉడికాక కూడా మాంసం ఎర్రగా ఉండేది, బేకన్‌కి ఆ రుచి వచ్చేది దీనివల్లే.

కిలో మాంసానికి ఈ క్యూరింగ్ సాల్ట్ 2.5 గ్రాములు చాలు, మామూలు ఉప్పు వేరే. చెంచా లెక్క వద్దు, గ్రాములో పదో వంతు చూపే డిజిటల్ కాటా కొనుక్కోండి. నైట్రైట్ మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ మోయలేదు, ప్రాణం మీదికొస్తుంది. ముక్కకు అన్ని వైపులా పట్టించి, కవర్లో మూసి, 4 డిగ్రీలు దాటని ఫ్రిజ్‌లో వారం ఉంచండి. రోజూ తిరగేయాలి.

నంబర్ 2లో నైట్రేట్ కూడా ఉంటుంది. అది నెలల తరబడి వేలాడదీసి ఆరబెట్టే సలామీ అనే సాసేజ్‌కి, బేకన్‌కి వద్దు.

మరి మన ఎండు మాంసానికి ఇవేవీ వేయం కదా అంటారా? పలచగా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి ఎర్రటి ఎండలో వేస్తాం, తడి త్వరగా పోతుంది. బేకన్ ముక్క మందం, లోపలంతా తడే, అందుకే దానికి నైట్రైట్ కావాలి.