−3 1/4 లోంచి −5 2/3 తీసేస్తే 2 11/12 ఎందుకు రాదు?

మీ లెక్క −3 1/4 − (−5 2/3). దాన్ని −3 1/4 + 5 2/3 గా మార్చారు, అంతవరకూ సరే. ఆ తర్వాత మీకు 2 11/12 వచ్చింది, పుస్తకం వెనక జవాబు 2 5/12 అని ఉంది. పుస్తకంలో అచ్చుతప్పేమీ లేదు. అలాగని మీరు రెండు మైనస్‌లను ప్లస్ చేయడంలోనూ పొరపాటు లేదు. తేడా వచ్చింది మొదటి సంఖ్య దగ్గర, మీరు అసలు అనుమానించని చోట.

−3కి 5 కలిపితే 2, 1/4కి 2/3 కలిపితే 11/12, రెండూ పక్కపక్కన పెడితే 2 11/12. మీరు చేసింది ఇదే. అంటే −3 1/4 లో ఉన్న మైనస్‌ను 3కి మాత్రమే తగిలించి, 1/4ను ధన భిన్నంగా వాడేశారు.

మిశ్రమ భిన్నంలో పూర్ణాంకానికీ భిన్నానికీ మధ్య పైకి కనిపించని ప్లస్ ఒకటి ఉంటుంది. మూడుంపావు అంటే మూడూ, దాని మీద పావూ. ముందు మైనస్ పెడితే అది ఆ మొత్తానికీ వర్తిస్తుంది:

−3 1/4 = −(3 + 1/4) = −3 − 1/4

మీరు వాడిన −3 + 1/4 విలువ −2 3/4. మూడుంపావు అప్పు ఉన్నవాడి ఖాతాలో పావుతక్కువ మూడు రాసినట్టు. కలపకూడని 1/4ను కలిపారు, తీయాల్సిన 1/4ను తీయలేదు, కాబట్టి జవాబు 1/4కి రెట్టింపు, అంటే 1/2 పెరిగింది. 2 11/12 కీ 2 5/12 కీ తేడా చూడండి, 6/12. మీ జవాబుకూ సరైన జవాబుకూ మధ్య తేడా ఒక భిన్నానికి సరిగ్గా రెట్టింపు ఉంటే, ఆ భిన్నం గుర్తు తారుమారైందని దాదాపుగా తేల్చేయవచ్చు.

ఇక సంకలన విలోమం సంగతి. ఒక సంఖ్యకు ఏది కలిపితే సున్నా వస్తుందో అదే దాని సంకలన విలోమం. −5 2/3 కి 5 2/3 కలిపితే సున్నా, కాబట్టి 5 2/3 దాని విలోమం. ఒక సంఖ్యను తీసివేయడమూ, దాని విలోమాన్ని కలపడమూ ఒకటే. ఎందుకంటే తీసివేత జవాబుకు తీసిన సంఖ్యను తిరిగి కలిపితే మొదటి సంఖ్య రావాలి. −3 1/4 + 5 2/3 కి −5 2/3 కలిపి చూడండి: చివరి రెండూ కొట్టుకుపోయి −3 1/4 మిగులుతుంది. "మైనస్ మైనస్ ప్లస్" అనే బట్టీ సూత్రం వెనక ఉన్నది ఇంతే. ధనంలోంచి రుణాన్ని తీయాలంటే కలపాలని గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే నియమంగా రాశాడు.

విలోమం అనగానే భిన్నాన్ని తిరగేసేవాళ్లూ ఉంటారు. 2/3ను 3/2 చేయడం భాగహారంలో పని, అది గుణకార విలోమం. ఇక్కడ అంకెలేవీ కదలవు, గుర్తు ఒక్కటే మారుతుంది.

మీ లెక్క మొత్తం ఇలా నడుస్తుంది. 4, 3 ల క.సా.గు 12. −3 3/12 + 5 8/12. గుర్తులు వేరు కాబట్టి, గుర్తులను పక్కన పెట్టి పెద్దదాంట్లోంచి చిన్నది తీసి, పెద్దదాని గుర్తు వేయాలి: 5 8/12 − 3 3/12 = 2 5/12. అపక్రమ భిన్నాలతో, అంటే పై సంఖ్య కింది సంఖ్య కంటే పెద్దగా ఉండే భిన్నాలతో చేస్తే −13/4 + 17/3 = −39/12 + 68/12 = 29/12, మళ్లీ అదే 2 5/12.

అపక్రమ భిన్నంగా మార్చేటప్పుడు కూడా పైన చెప్పిన తప్పే వేరే వేషంలో వస్తుంది. −3ను 4తో గుణిస్తే −12, దానికి 1 కలిపితే −11, కాబట్టి −11/4 అని రాసేస్తారు. మైనస్‌ను కాసేపు పక్కన పెట్టి 3 × 4 + 1 = 13 చేసుకుని, చివర్లో మైనస్ తగిలిస్తే −13/4 వస్తుంది. నా మటుకు నేను మైనస్ తర్వాత బ్రాకెట్ వేయకుండా ఈ మార్పు చేయవద్దనే చెబుతాను.

మీ లెక్కలో అప్పు తెచ్చుకునే అవసరం రాలేదు. ఇది చూడండి: −4 5/6 − (−7 3/8). విలోమం కలిపితే −4 5/6 + 7 3/8, క.సా.గు 24, అంటే −4 20/24 + 7 9/24. విడివిడిగా కలిపితే పూర్ణాంకాల దగ్గర −4 + 7 = 3, భిన్నాల దగ్గర −20/24 + 9/24 = −11/24. ఇక్కడ చాలామంది 3 11/24 అని రాసి ముగించేస్తారు. ఆ 11/24 రుణం, 3లోంచి తీయాల్సినది. 3ను 2 24/24 గా విడగొట్టి 11/24 తీస్తే 2 13/24.

జవాబు రుణం వైపు పడినప్పుడు ఇదే చిక్కు అద్దంలో బొమ్మలా ఎదురవుతుంది. −8 1/2 − (−3 4/5) తీసుకుంటే −8 5/10 + 3 8/10. పూర్ణాంకాలు −5, భిన్నాలు +3/10. ఇది −5 3/10 కాదు, −5 + 3/10, అంటే −4 7/10. పూర్ణాంకానికీ భిన్నానికీ వేర్వేరు గుర్తులు ఉన్నంతసేపు లెక్క పూర్తి కాలేదనే అర్థం, వాటిని ఒక గుర్తు కిందికి తెచ్చాకే మిశ్రమ భిన్నంగా రాయాలి.

−2 3/7 − 1 5/7 లాంటివి మరో రకం బురిడీ. రెండు మైనస్‌లు కనబడగానే ప్లస్ చేసేస్తారు. తీసివేసే సంఖ్య ఇక్కడ 1 5/7, ధన సంఖ్య. దాని విలోమం −1 5/7. కాబట్టి −2 3/7 + (−1 5/7) = −3 8/7 = −4 1/7. మొదటి సంఖ్య గుర్తు ఎప్పుడూ మారదు, విలోమం తీసుకునేది రెండోదానికే.

ఏ పద్ధతి మంచిదంటే, పూర్ణాంకాలు చిన్నవైతే అపక్రమ భిన్నాలే. గుర్తు ఒకే ఒక్కచోట, లవం ముందు ఉంటుంది, తప్పిపోయే వీలు తక్కువ. −47 5/9 − (−52 1/6) లాంటిది వస్తే మాత్రం 856, 939 అంటూ పెద్ద లవాలతో కుస్తీ పట్టాలి. అక్కడ 52 3/18 − 47 10/18 ను 51 21/18 − 47 10/18 గా రాస్తే 4 11/18 తేలిగ్గా వచ్చేస్తుంది.

లెక్క మొదలుపెట్టకముందే గుర్తు ఊహించుకోండి. సంఖ్యారేఖపై −3 1/4 అనేది −5 2/3 కి కుడివైపున ఉంది, అంటే పెద్దది. పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తున్నాం, జవాబు ధనం. సుమారుగా −3 1/4 నుంచి −5 2/3 కి దూరం రెండున్నర లోపే. 2 11/12 దాదాపు మూడు కాబట్టి అక్కడే అనుమానం రావాలి. తర్వాత తిరిగి కలిపి చూడండి: 2 5/12 + (−5 8/12) = −3 3/12 = −3 1/4. సరిపోయింది.

కాలిక్యులేటర్‌తో సరిచూసుకునేవాళ్లు −3 + 1 ÷ 4 అని నొక్కితే అది −2.75 చూపిస్తుంది, మీ తప్పునే ఒప్పని చెప్పేస్తుంది. −(3 + 1 ÷ 4) అని బ్రాకెట్‌తో నొక్కండి, −3.25 రావాలి. దానికి 5.6666… కలిపితే 2.4166… వస్తుంది, 5/12 విలువ 0.4166… కాబట్టి అది 2 5/12 తో సరిపోతుంది.